ఎందుకైనా మంచిదని

మ్యాపమ్మకు దేశంలో తెలియని గుంత లేదు. చూసిన గుంత ఒక్కటీ లేదు.

ఇది ఎగతాళి కాదు, ఉన్నమాటే. టైర్ల కొట్టు మీద, ఇనప మెట్లెక్కి పోతే వచ్చే ఒంటిగది ఆఫీసులో, గోడంతా కప్పేసిన మ్యాపు ముందు పదిహేడేళ్ళుగా కూర్చుని ఉంది. పంతొమ్మిదో ఏట మేనమామ పిలిచి, "రెండు వారాలు ఫోన్లు చూడవే, గుమాస్తా సెలవు పెట్టాడు" అన్నాడు. ఆ గుమాస్తా ఇంతవరకూ సెలవులోనే ఉన్నాడు. మామయ్యకు ఆరు లారీలు, పెద్ద సరుకులకు ఒక పొడుగాటి ట్రైలరు. అవి ఎక్కడికి పోవాలన్నా దారి గీసేది ఈమె, పర్మిట్లు తెప్పించేది ఈమె, డ్రైవర్లు ఫోన్ చేసి చెప్పిన ప్రతి గండాన్నీ మ్యాపు మీద ఎర్ర సిరాతో రాసుకునేది ఈమె. "ఈ మలుపులో గాలి బండిని పక్కకు తోస్తుంది." "ఈ టోల్‌గేటులో ఎడమ చివరి దారి ఒక్కటే వెడల్పు." "ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి గేదెలు రోడ్డు దాటును, హారన్ దండగ." రాసీ రాసీ కొన్నిచోట్ల దేశం కనబడటం మానేసి ఎరుపే మిగిలింది.

డ్రైవర్లకు ఆమె అంటే గురి. పొగమంచులో దారి తప్పినవాడు ఫోన్ చేస్తే, "వాసన ఏమొస్తోంది?" అని అడిగేది. "తోళ్ళ వాసన" అంటే, "అయితే తిరగాల్సిన చోటు దాటి నాలుగు కిలోమీటర్లు వచ్చేశావు, వెనక్కి తిప్పు" అనేది. ఆ తోళ్ళ కార్ఖానా గేటు ఏ రంగో కూడా చెప్పగలదు. తాను మాత్రం లారీ ఎక్కి ఊరి చివర లారీలు తూచే వేబ్రిడ్జి దాటింది లేదు.

ఎక్కాలని లేక కాదు. ప్రాణమంతా దాని మీదే. ఇంట్లో పెళ్ళి మాటెత్తితే, "ముందు నన్ను రోడ్డెక్కనివ్వండి" అనేది. ఆడపిల్ల అనాల్సిన మాటేనా అది అని అత్తయ్య బుగ్గలు నొక్కుకునేది. ప్రతి పెద్ద ట్రిప్పుకూ మామయ్యను అడిగేది. మామయ్య ప్రతిసారీ "వచ్చేసారి ఖాయం" అనేవాడు. ఒకసారి ఎండలన్నాడు, ఒకసారి వానలన్నాడు, ఎండా వానా రెండూ లేని నెలలో సీటు స్ప్రింగు బాగాలేదన్నాడు.

అలాంటి రోజుల్లో లాంచి వచ్చిపడింది.

నది ఒడ్డున షెడ్డులో పడవల మేస్త్రి కట్టిన షికారు లాంచి అది. నలభై మంది కూర్చోవచ్చు. పదమూడడుగుల వెడల్పు. దాన్ని దేశం ఆ చివరన సముద్రానికి చేర్చాలి. నీటిదారినే పోవచ్చు కదా అంటే, నదికి మూడు ఆనకట్టలున్నాయి. ఆనకట్ట ఎక్కి దిగే పడవను మేస్త్రి ఇంకా కనిపెట్టలేదు. రోడ్డునైతే రెండువేల నూట నలభై కిలోమీటర్లు, అయిదు రాష్ట్రాలు, వానలు మొదలయ్యేలోపు చేరాలి. మామయ్య ముందు సరేనని, తర్వాత ఆలోచించాడు. ఆయన వరస ఎప్పుడూ అంతే.

"ఓడలు బళ్ళవుతాయి అంటే ఏమో అనుకున్నాను, ఏకంగా బండెక్కి కూర్చుంటున్నాయి" అన్నాడు బావ. బావంటే అక్క మొగుడు, మామయ్య దగ్గర పెద్ద డ్రైవరు. ఆ ట్రైలరును ఆయన తప్ప ఇంకెవరూ తిప్పలేరు.

మామయ్య ఆ సంబరంలో నోరు జారాడు. "ఇది మామూలు సరుకు కాదే. నువ్వు దారి తియ్యి. అయిదు పర్మిట్లూ చేతికొస్తే, డ్రైవరు పక్క సీటు నీదే."

"నేను విన్నాను ఓనరుగారూ" అన్నాడు బావ. "ఈ చెవితోనూ విన్నాను, ఆ చెవితోనూ విన్నాను. ఇక మీరు వెనక్కి తీసుకోవాలంటే రెండు చెవుల్లోంచీ తీసుకోవాలి."

ఇంకేముంది, మ్యాపమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అయిదు రాష్ట్రాల ఆఫీసులకూ దరఖాస్తులు పెట్టింది. ఒక్కో పర్మిటూ ఒక్కో షరతు మోసుకుని వచ్చింది. మొదటి రాష్ట్రం, పొద్దు పొడిచాక పొద్దు గూకేలోపు మాత్రమే బండి కదలాలంది. రెండోది, రాత్రి పదికి ముందు గానీ తెల్లారి అయిదు తర్వాత గానీ రోడ్డు మీద కనబడితే జప్తే అంది. ఈ రెండింటి సరిహద్దులో నాలుగు గంటలకు మించి బండి నిలపకూడదు. ఆ వారంలో పొద్దు గూకేది ఆరూ పదికి. అక్కణ్ణించి పదింటికి మూడు గంటల యాభై నిమిషాలు. అంటే మిగిలేది పది నిమిషాలు. మూడో రాష్ట్రంలో మంగళ, శుక్రవారాలు రోడ్డు మీదే సంతలు, కాబట్టి ఆ రోజుల్లో బండి అక్కడ ఉండటానికే వీల్లేదు. నాలుగోది ముందు పోలీసు జీపు ఉండాలంది. జీపు కోసం రెండు రోజుల ముందు కబురు పెట్టాలి. లాంచి ఆ జిల్లాలో ఉండేది గంటన్నర.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. అయితే ఈ పోకచెక్కకు మహా సరదాగా ఉంది. అయిదు రంగుల కాగితాలు పట్టీలుగా కత్తిరించి, బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి జరుపుతూ, బుధవారం బయల్దేరితే ఏమవుతుంది, గురువారం అయితే ఏమవుతుంది అని తొమ్మిది రోజులు ఆడుకుంది. తొమ్మిదో రోజు పట్టీలన్నీ ఎక్కడికక్కడ అతికినట్టు కూర్చున్నాయి. ఆదివారం తెల్లారి ఆరింటికి బయల్దేరితే సంతా తగలదు, సరిహద్దూ తప్పదు. గదిలో ఒక్కర్తీ పకపకా నవ్వితే కింద టైర్ల కొట్టువాడు తలెత్తి చూశాడు.

నాలుగు పర్మిట్లు వచ్చాయి. వాటిని గోడకు అంటించింది. బావ పక్క సీటుకు కొత్త దిండు కుట్టించి, "స్ప్రింగు మాట ఇంకెవరూ ఎత్తకూడదు" అని ఓనరుగారికి చూపించాడు.

అయిదో ఆఫీసరు దగ్గర కథ అడ్డం తిరిగింది.

"అమ్మా, మీ కాగితంలో బండితో కలిపి మొత్తం ఎత్తు పదిహేడున్నర అడుగులని ఉంది" అన్నాడు ఫోనులో, తాపీగా, మధ్యలో టీ చప్పరిస్తూ. "పంతొమ్మిది వందల ఎనభయ్యో కిలోమీటరు దగ్గర మా రైలు వంతెన కింద పదహారే. మీ లాంచి వెళ్తుంది. పైకప్పు మాత్రం మా దగ్గర ఉండిపోతుంది. అది మీకు ఇష్టమేనా?"

ఇష్టం కాదు. పక్కదారులున్నాయా అంటే, ఎడమ దారిలో ఉన్న పాత వంతెన ఆ బరువు మోయదు. కుడిదారిలో కొండ, పదకొండు కొక్కెం మలుపులు. ఎనభై అడుగుల ట్రైలరు అందులో దూరితే తల ఒక మలుపులో, తోక ఇంకో మలుపులో ఉంటుంది. పైకప్పు విప్పుదామా అంటే, మొత్తం ఒకే అచ్చులో పోసిందమ్మా అన్నాడు మేస్త్రి. మూడు రోజులు వెతికింది. మ్యాపు మీద గుచ్చే గుండుసూదులూ, చుట్టే దారాలూ అయిపోయాయి గానీ దారి దొరకలేదు.

"పోనీలేవే" అన్నాడు మామయ్య. "ఈ సరుకు మనది కాదనుకుందాం. వచ్చేసారి ఖాయం."

ఆ గొంతులో బాధ ఉంది. బాధ అడుగున, గిన్నె అడుగు నీళ్ళలా, కాస్త నిమ్మళం కూడా ఉంది. మ్యాపమ్మ అది కనిపెట్టింది. ఒళ్ళు మండిపోయింది. సంచీ తీసుకుని మెట్లు దిగింది.

ఆ సాయంత్రం తిన్నగా ఇంటికి పోలేదు. పంపలేకపోయినదాన్ని కనీసం ఒకసారి చూసి పోదామని నది ఒడ్డుకు వెళ్ళింది. తాను దారి గీసిన సరుకును కళ్ళతో చూడటం ఆమెకు అదే మొదలు. ట్రాన్స్‌ఫార్మర్లు పంపింది, బాయిలర్లు పంపింది, అన్నీ కాగితం మీద పొడవూ వెడల్పూ ఎత్తూ మాత్రమే. లాంచి తెల్లగా, ఇంకా రంగు వాసన కొడుతూ, దుంగల మీద కూర్చుని ఉంది. ఎంత బావుందో. చూడగానే ముచ్చటేసింది, వెంటనే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చిన మనిషి ఎదుటివాళ్ళ మొహం చూడలేదు కదా, ఎదురొచ్చిన మేస్త్రి మొహం తప్పించి షెడ్డు గుమ్మం వైపు చూసింది.

గుమ్మం పైన అడ్డదూలం మీద మేస్త్రి స్వయంగా సున్నంతో రాసుకున్నాడు: పదకొండున్నర అడుగులు.

"మేస్త్రిగారూ, లాంచి ఎత్తెంతని చెప్పారు మీరు?"

"పన్నెండు అడుగులమ్మా."

"మరి ఈ గుమ్మంలోంచి బయటికెలా తెస్తారు?"

ముప్ఫై పడవలు నీళ్ళలోకి దించిన మనిషి, మెడ గోక్కుంటూ నేల చూపులు చూశాడు. "అంటే... అసలెత్తు పదకొండు అడుగుల మూడంగుళాలు. మీకు చెప్పేటప్పుడు ఒక జానెడు కలిపాను."

"ఎందుకండీ?"

"లారీవాళ్ళకి ఎంత చెప్పినా, దూరిపోతుందిలే అని దూర్చేస్తారమ్మా. ఒకసారి నా పడవ పైకప్పు చెట్టుకొమ్మకి వేలాడింది. అప్పట్నుంచీ ఎవరడిగినా ఒక జానెడు కలిపి చెప్తున్నా. ఎందుకైనా మంచిదని."

మ్యాపమ్మ ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. మేస్త్రి జాన తొమ్మిదంగుళాలు. అది తీసేసినా పదహారడుగుల తొమ్మిదంగుళాలు. వంతెనకు ఇంకా ఎక్కువే. కానీ మేస్త్రి ఒక్కడే కలిపాడని నమ్మకమేమిటి? గోడకు వేలాడుతున్న టేపు తీసుకుని బండ్ల షెడ్డుకు పరిగెత్తినంత పని చేసింది. మేస్త్రి వెనకే వచ్చాడు, తప్పు చేసినవాడు ఇంకో తప్పు చేసినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చినట్టు.

బావ ట్రైలరు కింద పడుకుని గ్రీజు పూస్తున్నాడు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి.

"బావా, ట్రైలరు బల్ల నేల నుంచి ఎంత ఎత్తు?"

"నాలుగడుగుల మూడంగుళాలు. రాసిచ్చాగా."

"ఒకసారి బయటికి రా. టేపు తెచ్చాను."

కాళ్ళు కదలడం మానేశాయి. "టేపెందుకు మరదలా" అంది కింద నుంచి గొంతు. "ఇంట్లో మనుషుల మీద నమ్మకం లేకపోతే ఎలా?"

కొలిచింది. మూడున్నర అడుగులు. బావ చేతులు తుడుచుకుంటూ, "గాలి నిండుగా కొడితే టైర్లు లేస్తాయి కదా" అన్నాడు.

"తొమ్మిదంగుళాలు లేస్తాయా? అవి టైర్లా, బుడగలా?"

"బండి తోలేది నేను. గుద్దితే అనేదీ నన్నే. ఒక జానెడు కలుపుకున్నా, ఎందుకైనా మంచిదని. నేనేమైనా కొంప ముంచానా?"

ముగ్గురూ కలిసి ఇనప మెట్లెక్కేసరికి మామయ్య ఆఫీసుకు తాళం వేస్తున్నాడు. మళ్ళీ తెరిపించారు. మ్యాపమ్మ ఫైలు తీసి బల్ల మీద పరిచింది. "మేస్త్రిగారు చెప్పింది పన్నెండు. బావ చెప్పింది నాలుగూ మూడు. కలిపితే పదహారూ మూడు. నీ చేతిరాతలో పదహారూ పదకొండు ఉంది మామయ్యా. ఈ ఎనిమిదంగుళాలు ఎక్కడివి?"

మామయ్య కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ బావ సంగతి నాకు తెలీదా? ఎప్పుడూ తక్కువ చెప్పే రకం."

"నేనా? తక్కువా?" అని బావ కుర్చీలో కూలబడ్డాడు.

అంతలో మామయ్య దరఖాస్తు నకలు చేతిలోకి తీసుకుని కళ్ళు చిన్నవి చేశాడు. మొహంలో వెలుగొచ్చింది. "నా కాగితంలో పదహారూ పదకొండేగా. నువ్వు టైపు చేసింది పదిహేడున్నర. ఈ ఏడంగుళాలు ఎవరివమ్మా?"

మ్యాపమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. చిన్న చెయ్యి. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా చాపితే సరిగ్గా ఏడంగుళాలు. ఏ దరఖాస్తు టైపు చేసినా మామయ్య తక్కువ రాసి ఉంటాడని ఒక జానెడు కలపడం ఆమెకు ఎంత అలవాటంటే, కలిపినట్టు గుర్తు కూడా లేదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. వీళ్ళు తలా జానెడు పంచుకున్నారు. ముందు మేస్త్రి నవ్వాడు, తర్వాత బావ, ఆ తర్వాత ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియలేదు. మామయ్యకు దగ్గొచ్చింది. బావ నాలుగు జానలనూ గోడ మీద చేత్తో కొలిచి చూపించి, "ఇంత మనిషి ఒకడు లాంచి మీద కనబడకుండా కూర్చున్నాడురా నాయనా" అన్నాడు. ముప్ఫై మూడంగుళాలు. అవి తీసేస్తే అసలెత్తు పద్నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. వంతెన కింద అడుగుంపావు ఖాళీ.

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ మ్యాపమ్మ ఉన్నట్టుండి ఆగింది. "మామయ్యా, ఎండలన్నావు, వానలన్నావు, స్ప్రింగన్నావు. అవన్నీ ఎన్ని జానలు?"

మామయ్య నవ్వు కూడా ఆగింది. కాసేపు మ్యాపు వైపు చూశాడు. "పదిహేడేళ్ళలో నా బండి ఒక్కటి కూడా తిరిగిరాకుండా పోలేదే. నువ్వా ఫోను దగ్గరున్నావు కాబట్టేనని నా పిచ్చి. నిన్ను కదిపితే ఏమవుతుందోనని భయం. అంతే. ఇంకేం లేదు."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. దాంతోపాటు ఈ పిచ్చిమామయ్య మీద అంతులేని ప్రేమ కూడా వచ్చి, ఏది ముందు చెప్పాలో తెలియక, లేచి కిటికీ మూసింది.

మర్నాడు పొద్దున్నే అయిదో ఆఫీసరుకు ఫోన్ చేసింది. అంతా విన్నాక, ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నాది" అన్నాడు. "ఎత్తు దాచేవాళ్ళని చూశాను. మేం ఎక్కువ చెప్పాం, తగ్గించండి అని వచ్చినవాళ్ళని చూడలేదు. మీరు నిజం చెప్తున్నారో, ఇది కొత్త రకం అబద్ధమో తేలడం లేదు."

"నిజమే సార్. మా మీద మాకే నమ్మకం లేక కలుపుకున్నాం."

"కొలిచిందెవరు?"

"నేనే సార్. టేపు పట్టుకుని."

"అయితే పర్మిట్లో ఒక షరతు రాస్తాను. కొలిచిన మనిషే వంతెన కింద నిలబడి బండిని దాటించాలి. తన నెత్తిన పడే దూలాన్ని ఎవరూ తప్పు కొలవరు."

"అలాగే సార్" అంది మ్యాపమ్మ, ఎంతో మర్యాదగా. ఫోను పెట్టేసి గది చుట్టూ మూడుసార్లు తిరిగింది.

పర్మిట్ వచ్చాక మామయ్య దాన్ని మూడుసార్లు చదివాడు. ప్రభుత్వం ముద్ర కొట్టిన షరతు, ఎండా వానా అంటే చెల్లదు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా. "షరతు వంతెన దాకానే ఉంది" అన్నాడు. సాయంత్రం వెళ్ళి, ఆ వంతెన ఊరి నుంచి ఇంటికి బస్సు టికెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎనిమిదో రోజు సాయంత్రం ఆరింటి బస్సు, కిటికీ పక్క సీటు. వంతెన పంతొమ్మిది వందల ఎనభయ్యో కిలోమీటరు దగ్గర. సముద్రం ఇంకో నూట అరవై కిలోమీటర్ల దూరం. మ్యాపమ్మ సముద్రం ఎన్నడూ చూడలేదు. ఆమె మ్యాపులో అది నీలంరంగు అంచు మాత్రమే.

బావ ఏదో అనబోతే కళ్ళతో ఆపింది. పేచీ పెడితే ఉన్నదీ పోతుంది. టికెట్ సంచీలో పెట్టుకుని ఆదివారం తెల్లారి ఆరింటికి బండెక్కింది. ముందు ఎర్రజెండాల జీపు మేస్త్రి తోలుతున్నాడు, వెనక లాంచి.

ఆ ప్రయాణం గురించి ఏమని చెప్పాలి! వేబ్రిడ్జి దాటగానే ఆమె నవ్వు మొదలైంది, వారం రోజులు ఆగలేదు. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర, "బావా నెమ్మది, ముందు గుంతుంది" అంది.

"తెలుసే తల్లీ. పదేళ్ళ కింద నీకు చెప్పింది నేనే."

బండి గుంతలో దిగి లేచింది. ఆమె తల లారీ పైకప్పుకు తగిలింది. "ఇంత పెద్దదా? ఫోన్లో చిన్నదన్నావు కదా."

"నువ్వు కంగారు పడతావని ఒక జానెడు తగ్గించాను."

గాలి తోసే మలుపులో గాలి నిజంగానే తోసింది. కిటికీ దించి మొహం బయటపెట్టి, జుట్టంతా రేగిపోయి, మళ్ళీ వెనక్కి పోయి ఇంకోసారి వద్దామా అని అడిగింది. టోల్‌గేటులో ఎడమ చివరి దారిన లాంచి అటు బెత్తెడు ఇటు బెత్తెడు ఖాళీతో దూరుతుంటే గేటువాళ్ళందరూ బయటికొచ్చి చూశారు. తోళ్ళ కార్ఖానా గేటు రంగు మార్చారు. దాన్ని ఆమె సొంత మనుషులు చెప్పకుండా చేసిన పనిలా తీసుకుంది. గేదెలు రెండింటికి కాకుండా రెండున్నరకు వచ్చాయి. వెంట తెచ్చుకున్న పుస్తకంలో దిద్దుకుంది. సరిహద్దులో ఆ పది నిమిషాల్లో ఎనిమిది ఖర్చయి రెండు మిగిలాయి. ఇక పదింటిదాకా ముగ్గురూ రోడ్డు పక్కన కూర్చుని రాజాల్లా టీ తాగారు.

అయిదో రాష్ట్రంలోకి అడుగుపెట్టాక మాత్రం ఆమె నవ్వు మధ్యమధ్య తడబడసాగింది. ప్రతి కిలోమీటరు రాయీ వంతెనను దగ్గర చేస్తోంది. సంచీలో టికెట్ ఉంది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మూడింటికి వంతెన కనబడింది. బావ వంద గజాల ముందే బండాపి, ఇంజను కట్టేశాడు. ఎన్నో కొండలెక్కి దిగిన మనిషి మొహం పాలిపోయింది.

"మరదలా, తగులుతుందే."

"అడుగుంపావు ఖాళీ ఉంది బావా."

"కాగితం మీద ఉంది. నా కంటికి అంగుళం కూడా కనబడటం లేదు."

ఆమె దిగి నడుచుకుంటూ వెళ్ళి దూలం కింద నిలబడింది. ఈ వంతెన పేరు, దీని పదహారడుగులు, ఆఫీసరు చెప్పిన రోజు నుంచి తన చేత్తో ఎన్ని కాగితాల మీద రాసి చూసుకుందో. ఇప్పుడది నెత్తి మీద ఉంది. తుప్పుపట్టిన ఇనుము, మేకుల వరసలు, సందుల్లో పావురాల గూళ్ళు, ఎక్కడినుంచో బొట్టుబొట్టుగా నీళ్ళు. టేపు వంకరగా పట్టుకున్నానేమో, అంకె తప్పు చూశానేమో. అడ్డుపెట్టుకోవడానికి ఈసారి మామయ్య లేడు, బావ లేడు, ఎవరి జానా లేదు. కొలిచింది తను. కింద నిలబడిందీ తనే.

చెయ్యెత్తి, "రా బావా" అంది.

బండి వచ్చింది. నడిచే మనిషి కంటే నెమ్మదిగా వచ్చింది. లాంచి నీడ ముందు ఆమె కాళ్ళ మీద పడింది, తర్వాత మొహం మీద పడింది. తెల్లటి పైకప్పు దూలం కిందికి దూరింది. పైకప్పుకూ దూలానికీ మధ్య పట్టెడు ఆకాశం కనబడింది, ఆ సందులోంచి ఒక పావురం తొందరేమీ లేకుండా ఎగిరి అవతలికి పోయింది. లాంచి కూడా పోయింది. అంతే. ఎక్కడా గీరుకున్న చప్పుడైనా లేదు.

మేస్త్రి జీపు వదిలేసి పరిగెత్తుకొచ్చి బావను కావలించుకున్నాడు. మ్యాపమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఆఫీసరిచ్చిన కాగితం మీద టైమూ తేదీ వేసి సంతకం పెట్టి, మామయ్యకు ఫోన్ చేసింది. మొదటి గంటకే ఎత్తాడు.

"దాటిందా?"

"దాటింది మామయ్యా."

అవతల పెద్ద ఊపిరి వినబడింది. "నువ్వు బాగున్నావా?"

"బాగున్నాను."

"బస్సు ఆరింటికి కదూ."

"ఆరింటికే. స్టాండు ఇక్కడికి దగ్గరే అంటున్నారు." పదిహేడేళ్ళు అడిగింది. ఇక అడగదలచుకోలేదు.

వెనకాల ఆఫీసులో రెండో ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది.

"ఆ బస్సు సంగతి వాకబు చేశాను" అన్నాడు చివరికి. "డ్రైవరు నిద్రమొహం అట. సీట్లు కూడా బాగుండవట."

"నువ్వేగా వెతికి వెతికి కిటికీ సీటు తీసుకున్నావు."

"తీసుకున్నాను. బుద్ధి తక్కువై తీసుకున్నాను." మ్యాపు దగ్గరికి జరిగినట్టు గొంతు కాస్త దూరమైంది. "నూట అరవై కిలోమీటర్లేనే. ఇక్కడ గోడ మీద నాలుగు వేళ్ళ దూరం ఉంది. అంత దూరం వెళ్ళి సముద్రం చూడకుండా వస్తే నా మొహం నేను చూసుకోలేను. ఆ టికెట్ చింపెయ్."

"మామయ్యా..."

"మాటలొద్దు. చింపు. నాకు వినబడాలి."

మ్యాపమ్మ సంచీలోంచి టికెట్ తీసింది. ఫోను దగ్గరగా పెట్టి నిలువునా చింపింది.

"సరిగ్గా వినబడలేదు" అన్నాడు మామయ్య. "ఇంకోసారి."

ఆమె రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని మళ్ళీ చింపింది.